మేడమ్‌కు తెల్వనివి

పోయినవాటి లెక్క ముందు రాస్తాను.

అట్టలు మిగిలి ఉన్న పొడుగు నోటుబుక్కులు మూడు వందల పన్నెండు. అట్టలు ఊడిపోయి ముద్దకట్టినవి ఈ లెక్కలో లేవు. చార్టుల చుట్టలు తొమ్మిది. ఒక పళ్లెం లేని త్రాసు ఒకటి. మూతలు లేని గాజు సీసాలు పద్నాలుగు. ఇవన్నీ మా దగ్గరి ప్రభుత్వ హైస్కూల్లో సైన్సు గది బీరువాలో ఉండేవి. ఈ వానాకాలం ఆ గది కప్పు కారింది. బీరువాలోకి నీళ్లు దిగాయి. సెలవుల్లో ఎవరూ తలుపు తీయలేదు. తీసేసరికి అంతా కుళ్లి ఉంది. గది ఖాళీ చేసి తుక్కు వ్యాపారికి ఇచ్చేశారు. అతని ట్రాలీ ఆటో నేను పనిచేసే లారీలు తూచే వే బ్రిడ్జి మీదికే వచ్చింది. నిండు బరువు వెయ్యిన్నీ యాభై కిలోలు, ఖాళీ ఆటో ఏడు వందల తొంభై, సరుకు రెండు వందల అరవై. తడిసిన కాగితం కాబట్టి ఇందులో కాగితం ఎంత, నీళ్లెంత అన్నది చెప్పలేను.

ఒక నోటుబుక్కు అట్ట మీది పెన్సిల్ రాత చూసి గుర్తుపట్టాను. వెనక రెండు లారీలు హారన్ కొడుతున్నా ఆటోను పక్కకు పెట్టించి సంచులు విప్పి చూశాను. నేను వెతికింది నీలం అట్ట రిజిస్టరు ఒకటి. అది దొరకలేదు. కాబట్టి అదీ పోయినవాటిలోనే.

ఆ బుక్కులు రాయించిన సైన్సు మేడమ్ పోయి అప్పటికి నాలుగు నెలలు.

నేను చదివింది ఏడో తరగతి. కాజీపల్లి దారిలో ఈ కాంటా దగ్గర కూర్చోబట్టి పంతొమ్మిదేళ్లు. సగటులు, శాతాలు, గ్రాఫు గీయడం కాంటా చీటీల వెనక నాకు నేనే నేర్చుకున్నాను. లారీ ఎక్కేటప్పుడు టైర్లు చూసి బరువు చెబితే వంద కిలోలకు అటూ ఇటూగా సరిపోయేది. నా లెక్క తప్పని నాతో ఒప్పించినవాళ్లు ఇంతవరకు ఇద్దరే. ఒకరు మేడమ్. ఇంకొకరు నా బిడ్డ లావణ్య. ఇద్దరూ ఒకే లెక్కలో.

మేడమ్‌కు పేర్లు గుర్తుండేవి కావు. ఏడాదంతా చదువు చెప్పిన పిల్లవాడిని కూడా "ఓ... ఓ..." అని పిలిచేది. అందుకని ఒక ఉపాయం పెట్టుకుంది. తొమ్మిదో తరగతికి రాగానే ప్రతి పిల్లా ఒక ప్రశ్న వెతుక్కోవాలి. అది పుస్తకంలో ఉండకూడదు, ఇంట్లోనో బజారులోనో కళ్లతో చూసిందై ఉండాలి. పొడుగు నోటుబుక్కు అట్ట మీద పేరు రాసే చోట ఆ ప్రశ్న రాయాలి. పేరు కింద, చిన్నగా. అప్పటినుంచి ఆ పిల్లను ఆ ప్రశ్నతోనే పిలిచేది. "ఏ దోమలు, ఇటు రా!" "ఉప్పు ఎటువాయె ఇయ్యాల, బడికి రాలే?" మా లావణ్య 'తుప్పు'. దానివల్ల నేను తుప్పు నాయనను అయ్యాను.

మనిషి పొట్టి. కళ్లజోడు ఒక కాడ విరిగితే నల్లదారం కట్టుకుని రెండేళ్లు అలాగే తిరిగింది. సంగారెడ్డి వైపు నుంచి షేరింగ్ ఆటోలో వచ్చేది. ముందు డ్రైవర్ పక్కన సగం సీటులో కూర్చునేది, వెనక చోటున్నా. చేతిలో స్టీలు టిఫిన్ డబ్బా. అందులో అన్నం ఉంటుందని అందరూ అనుకునేవాళ్లు. ఉండేవి అయస్కాంతం, భూతద్దం, దారం ఉండ, మేకులు, ఎవరో పిల్ల ఇచ్చిన ఎండిన బల్లి. అన్నం మాత్రం వంటమనిషి దగ్గర పిల్లలతో పాటు తినేది.

ఒకసారి నేనూ అదే ఆటోలో ఉన్నాను. డ్రైవర్ అడిగాడు. "మేడమ్, టైర్లల్ల గాలి తక్కువుంటె బండి డీజిల్ ఎక్కువ తాగుతదంటరు, నిజమేనా?"

"నాకు తెల్వదన్నా."

"గంత సదువుకున్నరు, తెల్వదా?"

"తెల్వదు. నువ్వు వారం రోజులు గాలి నిండ కొట్టి నడుపు, వారం రోజులు తక్కువ పెట్టి నడుపు. రాసి చెప్పు. అప్పుడు నాకు తెలుస్తది."

తెల్వదు అన్న ఆ మాట ఆమె ఎంత సంతోషంగా అనేదో చెప్పలేను. వేరే టీచర్లు ఆ మాట నోట్లోనే నమిలేసేవాళ్లు. డ్రైవర్ నిజంగానే డీజిల్ పోసినప్పుడల్లా అద్దం పక్కన స్కెచ్ పెన్నుతో లీటరుకో గీత గీశాడు. రెండు వారాల తర్వాత ఆ గీతలు నేనే లెక్కపెట్టి పెట్టాను.

ఆమె తరగతి గదిలో నల్లబల్ల కుడివైపు పై మూల సుద్దతో ఒక గడి ఉండేది. పైన 'మేడమ్‌కు తెల్వనివి' అని రాసి ఉండేది. పిల్లలు అడిగినదానికి జవాబు రాకపోతే అందులోకి ఎక్కించేది. వానాకాలంలో కంపెనీ సైరన్ దగ్గరగా ఎందుకు వినిపిస్తుంది. కారం డబ్బాలోకి కూడా చీమలు ఎందుకు వెళ్లాయి. పొంగే పాలలో గరిటె పెడితే ఎందుకు ఆగుతాయి. గడి నిండితే నీలం అట్ట రిజిస్టరులోకి ఎక్కించి మళ్లీ మొదలుపెట్టేది. తనిఖీకి పెద్దాఫీసరు వస్తున్నాడని ఒకసారి ఎవరో ఆ మూల తుడిచేశారట. ఆమె తరగతిలోకి వచ్చి చూసి, "పదకొండు పోయినయి. ఎవరెవరివో చెప్పుండ్రి, మళ్లొకసారి రాసుకుందం" అన్నదని లావణ్య చెప్పింది. ఆఫీసరు ఆ గడి చదువుతూ నిలబడిపోయి తనిఖీ మరిచిపోయాడని కూడా చెప్పింది. అది పిల్లలు కలిపిన మాట అయ్యుండవచ్చు.

మార్కుల పద్ధతి ఇంకా వింత. నోటుబుక్కు చివరి పేజీలో నాలుగు గళ్లు. అడిగిన తీరు, చూసిన తీరు, రాసిన తీరు, తప్పు దిద్దుకున్న తీరు. ఒక్కోదానికి పది. పిల్లలే పెన్సిల్‌తో వేసుకోవాలి, పక్కన కారణం రాయాలి. కారణం లేనిది మార్కు లేదు. ఆమె ఎర్ర సిరా వాడేది కాదు. పిల్ల వేసుకున్న అంకె పక్కన ఒక ప్రశ్న రాసేది, అంతే. ఒకడు నాలుగు గళ్లలోనూ పది వేసుకుంటే, "ఇగ నాకేం పని? ఇంటికి పోతున్న" అని సంచి భుజానికి తగిలించుకుని నిజంగానే గేటు దాకా నడిచిందట. వాడు పరుగున పోయి రెండు మార్కులు తగ్గించుకుంటానని బతిమాలాడు. "తగ్గించుడు కాదు బేటా, ఎందుకు తగ్గిస్తున్నవో చెప్పు." ఇంకో పిల్ల భయంతో అన్నిట్లో రెండేసి వేసుకుంది. మెచ్చుకుంటుందనుకుంది పాపం. "తక్కువేసుకునుడు గూడ అబద్ధమే బిడ్డా" అంది మేడమ్.

తల్లిదండ్రుల మీటింగులో దీని మీద గొడవ అయింది. పటాన్‌చెరులో బియ్యం దుకాణం ఉన్న సేటు ఒకాయన లేచి, "మేడమ్, పోర్షన్ సగం గూడ కాలే. మా పోరడు ఇంట్ల కూసొని తనకు తనే మార్కులేసుకుంటుండు. రేపు పబ్లిక్ పరీక్షల గూడ వాడే ఏసుకుంటడా?" అన్నాడు. అందరం నవ్వాం.

మేడమ్ కూడా నవ్వింది. "సేటూ, మీ దుకాణంల బియ్యానికి పురుగు వట్టిందా లేదా ఎవరు చూస్తరు?"

"ఎవరు చూస్తరు? నేనే చూస్త."

"అధికారి వచ్చి చెప్పేదాంక ఆగుతరా?"

"ఆగితె బస్తాలన్ని పోతయి గదా!"

"గంతే. మీ పోరనికి గదే నేర్పుతున్న." తర్వాత గొంతు తగ్గించి, "పోర్షన్ సంగతి మాత్రం మీరు చెప్పింది నిజమే. వెనకవడ్డ. ఆదివారాలు వస్త" అంది. నిజమే, ఆమె ప్రతి ఏడాదీ వెనకబడేది. ప్రతి ఏడాదీ ఆదివారాలు వచ్చేది. అది ఆమె లోపాల్లో ఒకటి. తీసుకున్న వస్తువు తిరిగి ఇవ్వకపోవడం ఇంకొకటి. నా టేపు ఒకటి ఆ డబ్బాలోకి పోయి తిరిగి రాలేదు.

మా కాంటా చూపించడానికి ఒకరోజు ముప్ఫైమంది పిల్లల్ని తీసుకొచ్చింది. నన్ను మొదట పలకరించింది అప్పుడే.

"నీ కాంటా అన్నిటికన్న చిన్నది ఎంత తూస్తదన్నా?"

"పది కిలోలు మేడమ్. అంతకన్న తక్కువ దానికి కనవడది."

"నేనెక్కితె?"

"మీరు కనవడ్తరు. మీ సంచి కనవడది."

ఆమె చెప్పులు విడిచి లారీలెక్కే ఇనుప పలకల మీదికి నడిచి మధ్యలో నిలబడింది. తెర మీద యాభై చూపించింది. సంచి కింద పెట్టింది. యాభయ్యే. డబ్బా పెట్టింది. యాభయ్యే. "రాయుండ్రి! దీనికి కనవడనివి ఏమేం ఉన్నయో రాయుండ్రి!" అని పిల్లల మీద కేకలు. ఎండలో ఆమె అలా పలక మీద నిలబడి నవ్వుతుంటే వెనక ఆగిన లారీ డ్రైవర్ కిందికి దిగి, "క్యా హువా భాయ్, మేడమ్ బిక్ గయీ క్యా?" అన్నాడు, మేడమ్ అమ్ముడుపోయిందా అని. మేడమ్ అందరికన్నా ఎక్కువ నవ్వింది.

ఆ రోజే లావణ్య ప్రశ్న మాటల్లోకి వచ్చింది. కంపెనీల నడుమ కాజీపల్లిలో మేముండే కిరాయి గదుల మీది రేకులు మూడేళ్లకే తుప్పుపట్టి చిల్లులు పడ్డాయి. లక్డారంలో మా అక్క ఇంటి రేకులు అప్పటివే, ఇంకా బాగున్నాయి. ఎందుకు? మేకులు కట్టి రెండు చోట్లా ఆరుబయట వేలాడదీసి వారం వారం తూచాలని లావణ్య ఆలోచన.

"తుప్పు తింటె ఇనుం బరువు తగ్గుతది. ఎంత తగ్గిందో చూస్తె అయిపాయె" అన్నాను నేను.

మేడమ్ నావైపు తిరిగింది. "చూసినవా అన్నా, అనుకున్నవా?"

ఈ మాట ఆమె రోజుకు ఎన్నిసార్లు అనేదో పిల్లలు గీతలు గీసి లెక్కపెట్టేవాళ్లు. ఒక రోజు నలభై ఒకటి అయింది. కానీ నాతో అన్నది అదే మొదటిసారి. "అనుకున్న" అని ఒప్పుకున్నాను. మొదటి వారం బంగారం తూచే చిన్న కాంటా మీద తూచాక మేకులు బరువు పెరిగాయి. నేను కాంటానే తిరిగి తిరిగి చూశాను. తుప్పు పట్టడమంటే ఇనుము గాలిలోంచి, తేమలోంచి కొంత తనలోకి తీసుకోవడమని, రాలిపోయేదాకా బరువు పెరుగుతుందని లావణ్య నాకు చెప్పింది. అప్పటికి పద్నాలుగేళ్లు తుక్కు ఇనుము తూచినవాడికి ఆ సంగతి తెలియదు.

తూచడానికి పటాన్‌చెరు బజారులో ఒక కంసాలి ఒప్పుకున్నాడు. ఆదివారం పొద్దున దుకాణం తెరవకముందు. "బంగారం తూసే కాంటల తుప్పు మేకులా! నా తలరాత" అంటూనే పళ్లెంలో మెత్తటి గుడ్డ పరిచేవాడు. ఆ కాంటాకు గ్రాములో నూరో వంతు కనిపిస్తుంది. దాన్ని మేము పాయింటు అనేవాళ్లం. పది మేకులకు ఒక కట్ట. మా ఇంటి కట్ట మొదటి బరువు యాభై ఏడు గ్రాముల పన్నెండు పాయింట్లు. లక్డారం కట్ట యాభై ఏడు గ్రాముల ముప్ఫై. ప్రతి ఆదివారం బిడ్డను బండి మీద లక్డారం తీసుకుపోయి, అక్క ఇంటి తీగె మీంచి కట్ట విప్పి డబ్బాలో పెట్టుకుని, కంసాలి దగ్గర తూచి, మళ్లీ కట్టి వచ్చేవాళ్లం. నాలుగు వారాలు బాగా నడిచింది. మావి వారానికి ఐదారు పాయింట్లు, లక్డారంవి రెండు మూడు పాయింట్లు పెరుగుతూ వచ్చాయి. గ్రాఫు మీద రెండు గీతలూ చక్కగా పైకి పోతున్నాయి. నాకు పాటలు వినడం కన్నా ఆ గీతలు చూడటం బాగుండేది.

ఐదో వారం లక్డారం కట్ట పందొమ్మిది పాయింట్లు పడిపోయింది.

తీగె మీంచి విప్పేటప్పుడే లావణ్య అన్నది, "నాయినా, మేకులు జెర తెల్లగున్నయి." నీడలో అట్లా కనబడతాయని నేను తోసేశాను. కంసాలి దగ్గర అంకె చూశాక ఒక మాట చెప్పాను. మా వే బ్రిడ్జిలో వానకు పలకల కింద మట్టి చేరితే ఖాళీ కాంటా కూడా ఇరవయ్యో ముప్ఫయ్యో చూపిస్తుంది. దాన్ని సున్నా జరగడం అంటాం. అప్పుడు ఆ తేడాను ప్రతి లారీకీ కలిపో తీసో రాస్తాం. అది మా పని పద్ధతి, తప్పు కాదు. "కంసాలి కాంటా సున్నా జరిగింది బిడ్డా, నేను సరిచేస్త" అన్నాను. పందొమ్మిది తగ్గింది, రెండు పెరగాల్సింది, కలిపి ఇరవై ఒకటి. ఐదో వారం నుంచి ఎనిమిదో వారం దాకా లక్డారం నాలుగు అంకెలకూ ఇరవై ఒక పాయింట్లు కలిపి రాయించాను. గీత మళ్లీ చక్కగా పోయింది. నాన్న లెక్కలో తప్పుండదని నా బిడ్డ నమ్మకం. అడగలేదు.

ఆ ప్రాజెక్టును సంగారెడ్డిలో జరిగే జిల్లా సైన్సు ప్రదర్శనకు బడి ఎంపిక చేసింది. లావణ్య అంతకుముందు దేనికీ ఎంపిక కాలేదు. వాడకట్టంతా చెప్పుకుంది. కొత్త యూనిఫాం కుట్టించుకుంది. ప్రదర్శన ఇంకా పది రోజులు ఉందనగా ఒక మధ్యాహ్నం మేడమ్ ఒక్కతే కాంటా దగ్గరికి వచ్చింది. చేతిలో లావణ్య నోటుబుక్కు. నీళ్లిస్తే తాగింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"అన్నా, ఐదో వారం పేజీల తుప్పు ఒక మాట రాసింది. 'ఈ వారం మేకులు తెల్లగా కనిపించినవి' అని. తెల్లగయితె తుప్పు తగ్గినట్టు. బరువేమో పెరిగింది. నాకు సమజ్ కాక లక్డారం పోయొచ్చిన."

మా అక్క ఆమెకు ఏం చెప్పిందో ఆమె అక్క గొంతుతోనే చెప్పింది. "సూసిన మేడమమ్మా, పిల్ల మేకులు తుప్పు వడ్తున్నయి. పిల్లకు బడిల పేరు వోతదని బూడిదేసి కొబ్బరిపీచుతోని మంచిగ తోమిన. నేను జెయ్యకుంటె ఎవరు జేస్తరు?"

నాకు నవ్వు రావాల్సింది. రాలేదు.

"సున్నా జరిగిందనుకున్న మేడమ్" అన్నాను. మా పద్ధతి వివరంగా చెప్పాను. మట్టి, పలక, తేడా, అన్నీ. ఆమె చివరిదాకా విన్నది. నోటుబుక్కు బల్ల మీద పరిచి రెండు వరుసల మీద రెండు వేళ్లు పెట్టింది.

"ఒకటే కాంటా. ఒకటే రోజు. మీ ఇంటి మేకులు ఐదు పాయింట్లు పెరిగినయి, ఎప్పటి లెక్కనే. వీటికి జరగని సున్నా వాటికెట్ల జరిగింది?"

ఆ కాంటా దగ్గర అంత సూటి ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు.

"ఆ వరుస చూడలే మేడమ్. ఒక్క లక్డారంది చూసిన."

ఆమె నా ముఖం చూడలేదు. బయట ఇనుప పలకల వైపు చూస్తూ, "అట్లనా" అంది. అంతే. నోటుబుక్కు మూసి, "పిల్లకు నేను చెప్పను. మీరే చెప్పాలె. ఏ అంకెలతోని సంగారెడ్డి పోతదో తుప్పు ఇష్టం. తోమిన సంగతి తెలిసినంక తననే చెప్పనియ్యుండ్రి" అంది. పోబోయి వెనక్కి తిరిగి డబ్బాలోంచి ఒక కాగితం తీసింది. చేత్తో గళ్లు గీసిన కాగితం. నేను ఏం చేశాను, ఏం చూశాను, ఏం అనుకున్నాను, కారణం, పదికి ఎన్ని. "పిల్లలకు ఒక తీరు, పెద్దోళ్లకు ఒక తీరు అంటె బాగుండది గదా అన్నా. మీరు గూడ నింపి ఇయ్యుండ్రి."

ఆ సాయంత్రం బిడ్డకు చెప్పాను. గట్టిగా అరుస్తుందనుకున్నాను. "తెల్లగున్నయి అని నేను చెప్పిన గదా నాయినా" అని ఒక్క మాట అంది. తర్వాత ఆరు రోజులు నాతో మాట్లాడలేదు. అన్నం పెట్టేది, గ్లాసు పెట్టేది, మాట్లాడేది కాదు. ఆరు రోజులు నేను లెక్కపెట్టాను. గెలుపు పోతుందని కోపమనుకున్నాను మొదట. అది కాదు. తన కళ్లతో చూసినదాన్ని నా మాట విని వదులుకున్నందుకు.

ఏడో రోజు వచ్చి, "అసలు అంకెలు ఉన్నయా, పారేసినవా?" అని అడిగింది. నేను ఏ అంకే పారేయను. కాంటా చీటీల వెనక రాసిన నాలుగు అంకెలూ తీసిచ్చాను. నేను రాయించినవి చెరపకుండా ఒక్కో గీత కొట్టి పక్కన అసలువి పెన్నుతో రాసుకుంది. లక్డారం గీత మధ్యలో విరిగి కింద పడింది. ఎనిమిదో వారం అంకె మొదటి రోజు కన్నా ఒక పాయింటు తక్కువ. అందంగా లేదు.

ప్రదర్శనలో ఆ విరిగిన గీత ముందు ఇద్దరు జడ్జీలు ఆగారు. "ఇక్కడ ఎందుకు పడిందమ్మా?"

"మా అత్తమ్మ బూడిదతోని తోమింది సార్."

ఒకాయన పకపకా నవ్వి ముందుకు పోయాడు. ఇంకొకాయన ఆగి మూడు ప్రశ్నలు అడిగాడు. మూడిటికీ చెప్పింది. బహుమతి లైట్లు వెలిగే అగ్నిపర్వతానికి వచ్చింది. బస్టాండులో మేడమ్ మాకు మిర్చి బజ్జీలు కొనిపెట్టి, తను గెలిచినంత సంబరంగా, "తుప్పూ, అత్తమ్మ ముచ్చట ఇయ్యాల ఎంతమందికి చెప్పినవ్?" అని అడిగింది. "ఇరవై ముగ్గురికి మేడమ్." "ఇరవై ముగ్గురు మేకులు తోముడు గురించి ఆలోచన చేస్తుండ్రు ఇప్పుడు!" లావణ్య నవ్వింది. బజ్జీ సగం తుంచి నా చేతిలో పెట్టింది.

ఆ తర్వాత మేడమ్ ఎప్పుడు కనిపించినా నన్ను ఒకటే అడిగేది. ఆటో దిగుతూ, సంతలో, ఒకసారి ఎవరి పెళ్లిలోనో వడ్డన మధ్యలో. "ఎంత అన్నా?" మూడు గళ్లు నింపాను. కారణం, మార్కు మిగిలాయి. "తేలలేదు మేడమ్" అనేవాడిని. "తొందరేం లేదు" అనేది. గుచ్చడానికి అడిగేది కాదు. పిల్లల ప్రాజెక్టులు ఎంతవరకు వచ్చాయో అడిగినట్టే అడిగేది. నేనూ ఆమె పిల్లల్లో ఒకడిని అయ్యానని నాకు లోపల కొంత గర్వంగా కూడా ఉండేది.

ఐదేళ్లు గడిచాయి. జబ్బుచేసి దవాఖానలో ఉందని తెలిసి నేనూ లావణ్యా వెళ్లాం. చాలా చిక్కిపోయింది. లావణ్య చేయి పట్టుకుని "తుప్పు" అంది. నావైపు చూసి, "ఎంత?" అంది. ఊపిరికి అంతకన్నా రాలేదు.

"కారణమే రాయలేదు మేడమ్."

"కారణం లేంది మార్కు లేదు" అని నవ్వింది. మూడు వారాలకు పోయింది.

ఇప్పుడు ఆ కాగితం నా ముందుంది. ఆమెకు కాంటా దగ్గర చెప్పినదే కారణం గడిలో రాస్తే పని అయిపోయేది. ఇంకో వరుస చూడలేదు, తెలియక చేశాను. అలా రాస్తే ఆరు వేసుకోవచ్చు, ఏడు కూడా వేసుకోవచ్చు. కానీ ఆ ఆదివారం కంసాలి దుకాణంలో రెండు కట్టలూ నా చేతులతోనే తూచాను. ముందు మా ఇంటిది. ఐదు పాయింట్లు పెరిగింది. వెంటనే లక్డారంది. సున్నా జరగలేదని ఆ పళ్లెం ముందున్నప్పుడే నాకు తెలుసు. చూశాను. గీత విరగకూడదని, నా బిడ్డ గీత అసలే విరగకూడదని, చూడనట్టు చేశాను. తర్వాత మేడమ్‌కు చూడలేదని చెప్పాను. ఆమె నమ్మిందో లేదో నాకు తెలియదు.

పోయిన ఆదివారం ఇదంతా కారణం గడిలో రాశాను. గడి చాలక వెనక కూడా రాశాను. లావణ్య ఇప్పుడు బొల్లారంలో మందుల కంపెనీ ల్యాబులో పనిచేస్తోంది. డ్యూటీకి పోబోతుంటే చేతికిచ్చాను. నిలబడే చదివింది. రెండోసారి చదివింది. కళ్లు తుడుచుకుందో, చెమటే తుడుచుకుందో నేను చూడలేదు. ఇది మాత్రం నిజంగానే చూడలేదు, తల వంచుకుని ఉన్నాను.

"మార్కు ఏసుకోలే" అంది.

"ఎంత ఎయ్యాల్నో నువ్వే చెప్పు బిడ్డా."

"నేనేస్తె ఎట్ల నాయినా?" కాగితం మడవకుండా బల్ల మీద పెట్టి, సంచిలోంచి పెన్సిల్ తీసి దాని పక్కన పెట్టి, కంపెనీ బస్సుకు పోయింది.

ఈ వారంలో ఆ గడిలో రెండు అంకెలు రాసి రెండూ చెరిపాను. కాగితం అక్కడ పలచబడింది. పదికి ఎన్ని? మేడమ్‌కు ఆ ఒక్క అంకె నేటికీ బాకీ.